మూడో కన్ను, మూడించుల నీళ్ళు

అనంతపురం జిల్లాలో రోజూ తప్పకుండా ఉరిమే చోటు ఒక్కటే ఉంది. అది టీవీ. రాత్రి సంగటి ముద్ద కంచంలో పడే వేళకు తెర మీద కోడలి కళ్ళు పెద్దవవుతాయి. కెమెరా ఆమె మొహం మీదికి ముమ్మారు దూకుతుంది. తెరంతా నీలం రంగు కమ్ముకుంటుంది. ఢామ్మని ఉరుము. ఎవరిదో గాజుల చెయ్యి పాలగ్లాసులో ఏదో కలుపుతుంటుంది. చెయ్యి కనిపించింది, మొహం కనిపించలేదు. మొహం కనిపించాలంటే శుక్రవారం దాకా ఆగాలి. శుక్రవారం మోచేతి దాకా కనిపిస్తుంది. ఈలోగా సబ్బులు, చీరల కొట్లు, బంగారం మీద అప్పిచ్చే కంపెనీలు వచ్చి పలకరించి పోతాయి. మా జిల్లాలో ఏ నెలలో ఎవరి మెడలోంచి గొలుసు దిగుతుందో ఆ కంపెనీలకు ఏ దివ్యదృష్టీ లేకుండానే తెలుసు.

ఈ జాతి సీరియళ్ళకు పట్టపురాణి ‘త్రినయని’. జీ తెలుగులో 2020 మార్చిలో మొదలైంది. నయని అనే పల్లెటూరి పిల్లకు జరగబోయే కీడు ముందే కనిపిస్తుంది. పెద్దింటి కోడలవుతుంది. ఆ ఇంట్లో కుట్రలు పన్నే తిలోత్తమ ఉంటుంది. ఇక చెప్పేదేముంది, కథ వెయ్యి ఎపిసోడ్లు దాటింది. నాకు కొరుకుడు పడనిది కూడా అదే. రాబోయేదంతా ముందే తెలిసే మనిషి నట్టింట్లో తిరుగుతుంటే కుట్రలు వెయ్యి ఎపిసోడ్లు ఎట్లా సాగుతాయి? ఆ చూపు నిజంగా పనిచేస్తే బుధవారానికల్లా శుభం కార్డు పడాలి. అందుకని చూపు సగమే పనిచెయ్యాలి. గండం తెలియాలి, చేసేదెవరో తెలియకూడదు. తెలిస్తే రుజువు దొరక్కూడదు. దొరికితే మొగుడు నమ్మకూడదు. పేరుకు మూడో కన్నే కానీ, చానెల్‌కు గిట్టుబాటయ్యేది అర కన్ను.

సొంత సరుకు కూడా కాదిది. 2019లో బెంగాలీలో వచ్చిన సీరియల్ పేరుతో సహా ఇక్కడికి దిగింది. 2022లో తమిళులు ‘మారి’ అని పేరు మార్చి తెచ్చుకున్నారు. కోల్‌కతా నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి చెన్నైకి మూడో కన్ను ఏ ట్రిబ్యునల్ అనుమతీ లేకుండా పారింది. హోస్పేట నుంచి తుంగభద్ర నీళ్ళు మా హెచ్చెల్సీ కాలువలోకి రావాలంటే మాత్రం బోర్డు మీటింగు కావాలి.

అమెరికా వాళ్ళు ఈ పని మనకంటే ముందే చేశారు. 2005 నుంచి 2011 దాకా ఏడు సీజన్లు నడిచిన ‘మీడియం’లో ఒక ఇల్లాలికి కలలో హత్యలు కనిపిస్తాయి. పొద్దున్నే లేచి ప్రభుత్వ ప్లీడరుకు చెబుతుంది. ఆ వేషం వేసిన పాట్రీషియా ఆర్కెట్‌కు మొదటి ఏడే ఎమ్మీ అవార్డిచ్చారు. కథ జరిగే ఊరు అరిజోనాలోని ఫీనిక్స్. వానలో మాకంటే దరిద్రపు ఊరది, ఎడారి. కలలో శవాలు మాత్రం వరసగా వచ్చేవి. కొలరాడో నదిలో నీళ్ళు తగ్గడం ఆమె శాఖ కాదు.

మన దేశంలో దీనికి చట్టం లేదనుకునేరు. కేబుల్ టీవీ నిబంధనలు 1994లో వచ్చాయి. అందులో ఆరో నిబంధన మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమం వెయ్యకూడదంటుంది. చానెళ్ళు చట్టాన్ని తూచా తప్పకుండా పాటిస్తాయి. సీరియల్‌కు ముందు చీమ తలంత అక్షరాలతో, రెప్ప వేసేలోపు, ఇందులో పాత్రలు, సంఘటనలు కల్పితమని, మూఢనమ్మకాలను ప్రోత్సహించడం తమ ఉద్దేశం కాదని వేస్తాయి. ఆ ముక్క పూర్తిగా చదవగలిగినవాడికి మాత్రం నిజంగానే మూడో కన్ను ఉన్నట్టు.

ఇక్కడికి వచ్చేసరికి కొందరు పెద్దమనుషులు తల పంకించి, “పల్లెటూరి ఆడవాళ్ళు, ఏం చేస్తాం” అని నిట్టూరుస్తారు. వాళ్ళతో నాకు చిన్న లెక్క ఉంది. ఆమె అరగంట సీరియల్ చూసింది, గిన్నెలు కడుక్కుంది, పడుకుంది. ఖర్చు అరగంట కరెంటు. ఆ సోది చూడలేనని విసుక్కుని అరుగు మీదికి పోయిన ఆమె మొగుడు తెల్లారి ఏం చేస్తాడో చేను దాకా వచ్చి చూడండి.

తెల్లారి మోటార్ సైకిల్ మీద ఒకాయన దిగుతాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి, సంచిలో పీచు తీసిన టెంకాయ. చెప్పులు గట్టు మీద విడుస్తాడు. టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, కళ్ళు అరమోడ్చి, ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తాడు. వెనక రైతు, రైతు వెనక తమ్ముడు, తమ్ముడి వెనక పనిలేని పదిమంది. ఎవరూ దగ్గరు కూడా. ఒక చోటికి రాగానే టెంకాయ లేచి నిట్టనిలువుగా నిలబడుతుంది. బొటనవేలు ఏం చేసిందని అడిగేవాడు లేడు.

“ఇదేన్నా పాయింటు. రెండు జలలు కలుస్తాండాయి ఈడ.”

“ఎన్నడుగులకు సామీ?”

“రెండు వందల ఎనభైకి ఒగటి. నాలుగు వందలకు ఇంగోటి. మూడించులకు తక్కువ రావు.”

“పోయినసారి ఆయప్పా అట్లే చెప్పినాడు సామీ. ఏడు వందలు దించినా దుమ్మే.”

“ఆయప్పది ఏం గ్రూపు?”

“గ్రూపంటే?”

“రక్తం గ్రూపన్నా. ఓ పాజిటివ్ ఉండాల. లేకుంటే టెంకాయ పలకదు.”

మూడో కన్నుకు ల్యాబ్ రిపోర్టు కూడా జతపడిందన్నమాట. రాయి పెట్టి, సున్నం చల్లి, దక్షిణ తీసుకుని ఆయన వెళ్ళిపోతాడు. రాత్రికి తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ చేన్లోకి దిగుతుంది. కర్పూరం వెలిగిస్తారు, నిమ్మకాయ కోస్తారు. అడుగుకు ఇంతని బేరం. రెండు వందల ఎనభై దాటింది, తెల్లటి దుమ్ము. నాలుగు వందలు, దుమ్మే. ఫోను కలిపితే ఆయన ఎత్తాడు: “ఇంగో యాభై దించన్నా, కిందనే ఉండాది.” ఆరు వందలకు స్విచాఫ్. రిగ్గు డ్రైవరు మాత్రం పక్కనే ఉంటాడు. నీళ్ళు పడినా పడకపోయినా అతని మీటరు అడుగులనే లెక్కపెడుతుంది. తెల్లారేసరికి ఇంట్లో గొలుసు లేదు. టీవీలో వచ్చిన ఆ కంపెనీకి పోయింది.

ఈ నేల కింద ఉన్నది గ్రానైటు, నైసు. పై పొర చివికి మెత్తబడిన చోట, కింద రాయి పగిలి నెర్రెలిచ్చిన చోట మాత్రమే నీళ్ళు నిలుస్తాయి. కళ్ళు మూసుకుని రాయి విసిరి, అది పడిన చోట బోరు వేసినా కొన్నింటికి నెర్రె తగులుతుంది. తగిలిన బోరు గురించి మూడు మండలాలు చెప్పుకుంటాయి. తగలని బోరు మీద బండరాయి కప్పి, దాని గురించి ఇంట్లో కూడా మాట్లాడరు. టెంకాయ స్వామి పేరు ఇట్లాగే పెరుగుతుంది. 2002 నాటి వాల్టా చట్టం బోరు వేసే ముందు అనుమతి తీసుకోమంటుంది. నేలలో ఏముందో చదువుకుని చెప్పగల జియాలజిస్టులు భూగర్భ జల శాఖలో ఉన్నారు. కానీ జియాలజిస్టు “ఇక్కడ నీళ్ళు లేవు” అని కూడా అంటాడు. ఆ మాటకు ఎవరు డబ్బిస్తారు? టెంకాయ ఏనాడూ లేవనలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఇంట్లో దివ్యదృష్టికి తగలేసిందెవరు?

మా సీమకు ఈ చూపు కొత్తది కాదు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారు కాలజ్ఞానం చెప్పిపోయారు. ఏం జరిగినా “బ్రహ్మంగారు అప్పుడే చెప్పినారు” అంటాం. ఎప్పుడంటాం? జరిగినాక. జరగకముందు ఆ పుస్తకం తీసి, ఈ ఏడు ఇది రాబోతుంది, జాగ్రత్తపడదాం అన్న మనిషిని నేను చూడలేదు. బ్రహ్మంగారి వేషం కట్టి 1984లో తెర మీద భవిష్యత్తు చెప్పిన ఎన్టీఆర్ 1985లో మా హిందూపురం నుంచే ఎమ్మెల్యే అయ్యారు. కాలజ్ఞానం సాక్షాత్తూ మాకు ప్రాతినిధ్యం వహించినా హిందూపురంలో బిందెల వరస తరగలేదు.

కలెక్టర్లలో కూడా ద్రష్టలున్నారు. 1800లో దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలోనే ఉండేవాడు. మఠం మాన్యం తేల్చడానికి మంత్రాలయం పోతే, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనొక్కడికే కనిపించి మాట్లాడాడని కథ. ఎవరినడిగినా ఈ కథ చెబుతారు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని కూడా చెబుతారు.

ఆయన చూసినది ఇంకోటుంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. ఏడేళ్ళు ఈ చేలగట్ల మీద తిరిగి, ఈ నేల ఇంత శిస్తు మొయ్యలేదని, నాలుగో వంతు తగ్గించమని 1807లో పైకి రాశాడు. ఉరుము లేదు, నీలం వెలుతురు లేదు. ఉత్త కాగితం. పెద్దలు పక్కన పెట్టారు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ ఆ తగ్గింపు రైతుకు దక్కలేదు. చూసినవాడే గవర్నరు కావలసి వచ్చింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, నయని దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

ఉగాది పంచాంగ శ్రవణం సంగతి తొందరగా తేలుతుంది. మేఘాధిపతి ఎవరు, వాన ఎన్ని కుంచాలు, అందులో సముద్రం మీద ఎన్ని వంతులు, కొండల మీద ఎన్ని, భూమ్మీద ఎన్ని. ఏ ఏడూ సముద్రానికి లోటు రాదు. మేఘాధిపతి మారతాడు గానీ పంపకం మారదు. గుళ్ళో కూర్చున్న వందమందిలో మా మండలం వాటా ఎంత స్వామీ అని లేచి అడిగినవాడు లేడు.

వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల అంచనా ఇవ్వడం 1886లో మొదలైంది. 2009 ఏప్రిల్‌లో దేశానికి 96 శాతం వాన అన్నారు. కురిసింది 78 శాతం. సీజనంతా ఎండగొట్టిన ఆ ఏడే అక్టోబరు 2న పక్కన కర్నూలు నీట మునిగింది. టీవీలో అమ్మాయి “రాయలసీమలో ఒకటి రెండు చోట్ల” అంటుంది. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో మేమింకా వెతుకుతూనే ఉన్నాం. అయినా నా ఓటు వాళ్ళకే. 96కు 78 వచ్చిందన్న లెక్క అచ్చేసింది కూడా వాళ్ళే. తన ఎండిన బోర్ల పట్టిక అచ్చేసిన టెంకాయ స్వామి ఉంటే చూపించండి, పూలదండ నేను తెస్తాను.

ఇంతకీ అసలు సంగతి. అనంతపురంలో మూడో కన్ను లేనివాడు లేడు.

పడమటి కనుమల వాననీడలో ఉన్న జిల్లా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతికి కనుమలు అడ్డం, ఈశాన్యానికి సముద్రం దూరం. వేరుశనగ వేసేటప్పుడే ముసలి రైతుకు తెలుసు, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుందని. పంట అప్పు తిరిగి రాదని బ్యాంకు మేనేజరుకు తెలుసు, అందుకే పాతదాన్ని కొత్తదిగా రాసుకుంటాడు. బెంగళూరు బస్సు ఏ నెలలో కిక్కిరుస్తుందో కండక్టరుకు తెలుసు. కదిరిలో, రేకులకుంటలో పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తలకు తెలుసు. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని, కొర్ర, కంది కలిపి వేసుకొమ్మని చెప్పీ చెప్పీ వాళ్ళ గొంతు ఎండిపోయింది. ఎవరికి తెలియదు? 1876లో వచ్చిన ధాత కరువుకు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతే, 1880లో తెల్లదొరల కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన కరువు కోడ్లలో గింజల ధర పెరగడం, జనం ఊరొదిలి తిరగడం వంటి ఆనవాళ్ళన్నీ రాసిపెట్టారు. అవి కనబడితే కరువొస్తున్నట్టే, కదలండని అర్థం. మూడో కన్నును అప్పుడే ఫైల్లో కట్టేశారు. ఆ ఫైలు నూట నలభై ఏళ్ళుగా బీరువాలో క్షేమంగా ఉంది.

2016లో కేంద్రం కొత్త మాన్యువల్ అచ్చేసింది. ఖరీఫ్ కరువును అక్టోబరు నెలాఖరులోగా ప్రకటించమంది. అంటే జూన్‌లో అందరికీ కనిపించి, ఆగస్టులో కళ్ళెదుట జరిగిపోయిన దాన్ని, చెట్టు పీకి కాయ ఏరుకునే నాటికి సర్కారు గుర్తించవచ్చు. కరువు మండలాల జాబితా వస్తుంది. దాని వెనక ఇన్‌పుట్ సబ్సిడీ బయల్దేరుతుంది. బీమా ఉంది కదా అంటారు. వాన ఆధారంగా ఇచ్చే బీమాలో, మండలానికొక మాపకం. అది ఉన్నచోట వాన పడితే నీ చేన్లో పడినట్టే. నీ చేన్లో పడకపోతే, పొరపాటు చేనుది. సీరియల్లో కోడలిది ముందుచూపు. మా సర్కారుది వెనకచూపు. దాని మీద సీరియల్ తీసే ధైర్యం ఏ చానెల్‌కూ లేదు.

నేనైతే కథ ఇస్తాను, ఉచితంగా. నయనిని కళ్యాణదుర్గంలో ఐదెకరాల మెట్ట రైతుకిచ్చి పెళ్ళి చెయ్యండి. మొదటి ఎపిసోడ్, జూన్ నెల. ఆమె కళ్ళు పెద్దవవుతాయి, తెర నీలమవుతుంది, ఉరుము. ఆగస్టులో చెనిక్కాయ చేను మాడిపోయి కనిపిస్తుంది. పరిగెత్తుకెళ్ళి మొగుడికి చెబుతుంది.

“నాకూ తెలుసులేమ్మే” అంటాడతను, గొర్రు మీదనుంచి తల తిప్పకుండా.

అత్తకు చెబుతుంది. “మా అత్తకే తెలుసు” అంటుంది ఆమె. గ్రామ సచివాలయానికి పోతే, “ఈ-క్రాప్ అయినాక రామ్మా” అంటారు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తే రశీదిస్తారు. రెండో ఎపిసోడ్‌కు కథ లేదు. ఇక్కడ తిలోత్తమ చెయ్యి, మోచెయ్యి, మొహం, పాన్ కార్డు అన్నీ మొదటి రోజే కనిపిస్తాయి. ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యం లేని చోట టీఆర్పీ ఎక్కడిది?

అందుకే జనం ఇట్లాంటి సీరియళ్ళకు కళ్ళప్పగిస్తారు. భవిష్యత్తు తెలుసుకోవాలని కాదు, అది వాళ్ళకు కావలసినదానికంటే ఎక్కువే తెలుసు. నయని చూడగానే పరిగెత్తుతుంది. వసారా దాటి, మెట్లెక్కి, మామగారి చేతిలో పాలగ్లాసును ఒక్క తోపు తోస్తుంది. గ్లాసు భళ్ళున పగులుతుంది. కంచం ముందు కూర్చున్న ఆమె “హమ్మయ్య” అంటుంది. సీరియలంతా ఆ హమ్మయ్య కోసమే. అక్కడ తెలియడానికీ ఆపడానికీ మధ్య ఒక వసారా దూరం. ఇక్కడ ఆ మధ్యలో సచివాలయం, బ్యాంకు, బీమా కంపెనీ, బోర్డు, ట్రిబ్యునల్, ఎన్నికల కోడు. మన్రో కూడా గవర్నరయ్యాకే ఈ వసారా దాటగలిగాడు. ముప్పావు శతాబ్దంగా మనం గెలిపించినవాళ్ళలో ముఖ్యమంత్రులున్నారు, రాష్ట్రపతి కూడా ఉన్నాడు. వాళ్ళు దాటలేదు.

మహిమల సంగతే మాట్లాడాలంటే పుట్టపర్తి పక్కనే ఉంది, 2022 దాకా మా జిల్లానే. ప్రపంచం నలుమూలల నుంచి జనం సత్యసాయి బాబా ఇచ్చే విభూతి కోసం, ఉంగరాల కోసం వచ్చిన ఊరు. 1990లలో అదే సత్యసాయి ట్రస్టు మా జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకు తాగునీళ్ళిచ్చింది. దానికి నా దండం, మనస్ఫూర్తిగా. తపాలా శాఖ 1999లో స్టాంపు కూడా వేసింది. అయితే ఆ నీళ్ళు గాలిలోంచి రాలేదు. ఎల్ అండ్ టీ కంపెనీ ఇంజినీర్లు వచ్చారు, కందకాలు తవ్వారు, పైపులు వేశారు, ట్యాంకులు కట్టారు. 2012లో హంద్రీ-నీవాలో కృష్ణ నీళ్ళు జీడిపల్లికి చేరింది కూడా పంపులు ఎత్తితేనే. మా జిల్లాలో ఇంతవరకూ మంత్రానికి చుక్క రాలలేదు. వచ్చిన ప్రతి బిందె వెనకా ఒక పైపు, ఒక మోటారు, ఒక కరెంటు బిల్లు ఉన్నాయి.

సీరియల్ చూసే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. చూడండి, పాలగ్లాసు పగిలితే సంతోషించండి. అన్నదమ్ములకే ఒక మాట. ఈసారి టెంకాయ లేచి నిలబడగానే జేబులో చెయ్యి పెట్టకండి. స్టాంపు కాగితం ఒకటి తీయండి. చెప్పిన లోతులో చెప్పినన్ని ఇంచులు పడితే అడిగినదానికి రెట్టింపు ఇస్తాం, పడకపోతే రిగ్గు బాడుగలో సగం మీదే అని రాసి, సంతకం పెట్టమనండి. ఎన్నికలప్పుడు మైకు పట్టుకుని నీళ్ళు చూపించేవాళ్ళ ముందు కూడా ఇదే కాగితం పెట్టండి. సంతకం పెట్టేవాడు ఎవడైనా దొరికితే నాకూ కబురు చెయ్యండి.